రోజూ విజయదశమే

మన్మథరావు కంప్యూటర్ సెంటర్‌లోకి వెళ్ళాలంటే చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. పైమెట్టు మీద బకెట్టుంటుంది, కాళ్ళు కడుక్కోవాలి. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ, దాని కింద నిమ్మకాయలూ మిరపకాయలూ, ఏసీ పెట్టెకి పసుపు, స్టెబిలైజర్‌కి మూడు బొట్లు. ఇంత మడిగా లోపలికి వెళితే కింద ఎరువుల దుకాణంలోంచి పురుగుమందు వాసన గుప్పున కొడుతుంది. అది మాత్రం ఎవరికీ మైల కాదు.

ఆ దుకాణమూ మన్మథరావుదే. ఎరువులమ్మి సంపాదించిన పేరు చాలదనిపించి, ఎనభై ఏడులో దసరాకి కంప్యూటర్ కొన్నాడు. అది ఏం చేస్తుందో ఆయనకి తెలియదు. తెలిసిన మనిషి కావాలని ఊరంతా వాకబు చేస్తే హైస్కూలు మాస్టారు రామచంద్రమూర్తి భార్య కనకమహాలక్ష్మి దొరికింది. లెక్కల్లో బీయస్సీ, ఆ పైన విశాఖపట్నంలో ఏడాదిపాటు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. పెళ్ళయి నర్సీపట్నం వచ్చాక ఆ చదువు పెట్టె అడుక్కి వెళ్ళిపోయిందనుకుని ఆవిడే ఆశ వదులుకున్న సమయం. పిలవగానే వెళ్ళి చేరింది.

పని ఇష్టమే. చుట్టూ ఉన్న తంతు చూస్తేనే నవ్వొచ్చేది. అన్నిటిలోకీ పెద్ద తంతు పొద్దున్నే జరిగేది. ఆ కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపించే బ్యాటరీ లేదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ ఇవాళ తేదీ ఎంత, టైమెంత అని అడుగుతుంది. ఆ జవాబు ఇంకెవరూ కొట్టకూడదు. మన్మథరావు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పైకొచ్చి తన చూపుడువేలితోనే కొట్టాలి. ఆయన కొట్టే తేదీ ఇవాళ్టిది కాదు, మొదటిసారి కొబ్బరికాయ కొట్టి యంత్రాన్ని నడిపించిన విజయదశమిది. టైము ఆ రోజు ముహూర్తం, పదీ ఇరవై.

"యంత్రానికి అదే జన్మలగ్నమమ్మా," అని మొదటిరోజే చెప్పాడు. "ఎన్నిసార్లు నిద్దరలేపినా ఆ ముహూర్తానే లేపమన్నారు మా సిద్ధాంతిగారు. వర్జ్యం నేదు, దుర్ముహూర్తం నేదు. రోజూ విజయదశమే."

ఏటా ఒకసారి వచ్చే పండగని రోజూ చేసుకునేవాడితో ఏం వాదిస్తాం? తను రాసే ప్రోగ్రాముకి ఆ తేదీతో పని లేదు కదా అని కనకం ఊరుకుంది.

వేసవి వెళ్ళాక చెరకు రైతుల సొసైటీ ఒకటి పని ఇస్తామంది. ఎవరి తోట ఎప్పుడు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు కంప్యూటర్ వరస పెట్టాలి. నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చినది కార్శి తోట. అది ముందు పండుతుంది, ముందు నరకాలి. కొత్తగా నాటిన మొక్క తోట తరవాత. ఆలస్యమైతే కార్శి ఎండి బరువు పోతుంది. వరస తప్పితే రైతు ఊరుకోడు.

కనకం ఆ ప్రోగ్రాముని ఐదు ముక్కలుగా రాసింది. ముక్కలన్నిటినీ కలిపి ఒక ప్రాజెక్టుగా కట్టే సదుపాయం కంప్యూటర్‌లోనే ఉంది. ఒక ముక్క దిద్దితే దాన్నొక్కదాన్నే కంపైలర్ మళ్ళీ చదివి యంత్రభాషలోకి మారుస్తుంది, మిగతావాటిని అలాగే వాడుకుంటుంది. చక్కని ఏర్పాటు. విశాఖపట్నంలో ఎప్పుడూ పేచీ పెట్టలేదు.

ఇక్కడ పెట్టింది. నాతవరం ఊరి రైతుల కార్శి తోటలు మొక్క తోటల వెనక్కి పోయాయి. తప్పెక్కడుందో కనకానికి వెంటనే తెలిసింది. దిద్దింది. మళ్ళీ అచ్చు తీస్తే అదే వరస. ఇంకోలా దిద్దింది. అదే వరస. ఒక్కోసారి సాయంత్రం వేరే ముక్కలో ఏదైనా దిద్దితే చెప్పినట్టు వినేది. పొద్దున దిద్దినది మాత్రం మొండికేసేది. కాగితం మీద వేళ్ళు పెట్టి ఒక్కో వాక్యం చదువుకుంది. ఎక్కడా తప్పు లేదు.

మన్మథరావుకి కంగారు పుట్టి విశాఖపట్నం నుంచి యాజుల్ని పిలిపించాడు. యాజులు కంప్యూటర్లు అమ్మే మనిషి, కన్సల్టెంటు అని చెప్పుకుంటాడు. నర్సీపట్నం ఎండలో టై కట్టుకుని దిగాడు. వట్టి కాళ్ళ మీద టైతో కుర్చీలో కూర్చుని, కనకం రాసిన ప్రోగ్రాము కాగితాలని పెళ్ళి శుభలేఖ తిరగేసినట్టు తిరగేశాడు.

"లాజిక్ వీక్‌గా ఉంది," అన్నాడు.

"ఎక్కడండీ?" అని కనకం అడిగింది.

"ఓవరాల్‌గా, మేడమ్."

"ఏ ముక్కలో వీక్‌గా ఉందో చెబితే దిద్దుతాను."

యాజులు మన్మథరావు వైపు తిరిగాడు. "చూడండి సార్, పొద్దున చేసిన పనిలోనే తప్పులు వస్తున్నాయంటున్నారు. ఆడవాళ్ళు కదా, పొద్దున వంట ధ్యాస ఉంటుంది. కాన్సన్‌ట్రేషన్ ఉండదు. నా దగ్గర ఒక కుర్రాడున్నాడు, పంపిస్తాను. శనివారం సొసైటీ వాళ్ళొచ్చేటప్పుడు నేనూ ఉంటాను. అప్పటికీ ఇలాగే ఉంటే మీరే ఆలోచించుకోండి."

మన్మథరావు ఆలోచించుకోడానికి శనివారం దాకా ఆగలేదు. మెట్లు దిగుతూనే, "ఏటమ్మా, యాజులుగారు సెప్పినాక ఇంకేటుంది? శనివారం సరిగ్గా రాకపోతే ఇంటికాడే ఉండండి. మాస్టారికి నేను సెప్పుకుంటాను," అన్నాడు.

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. వంట ధ్యాస వల్ల పోయిందనిపించుకోవడం ఇంకో ఎత్తు. ఆ మాట ఊళ్ళో పడితే ఇక ఏ గుమ్మమూ తనని ఈ పనికి పిలవదు. తనని చూపించి మరో నలుగురు ఆడపిల్లలనీ పిలవరు. కనకం ఆ రోజు ఇంటికి వెళ్ళి వంట చేసింది. ధ్యాసంతా కార్శి తోటల మీదే ఉండడంతో పులుసులో ఉప్పు వేయలేదు.

గురువారం కరెంటు పోతూ వస్తూ ఉంది. పోయి వచ్చిన ప్రతిసారీ మన్మథరావు ఎరువుల బస్తాలు వదిలేసి, చేతులు కడుక్కుని, ఆయాసపడుతూ పైకొచ్చి విజయదశమి కొట్టి వెళ్ళేవాడు. మధ్యాహ్నం ఇంకో ముక్క విషయంలో మాట విన్న ప్రోగ్రాము, కరెంటు పోయి వచ్చాక మళ్ళీ మొండికేసింది. అప్పుడు కనకానికి ఒక అనుమానం వచ్చింది. అసలు ఇది నేను రాసింది చదువుతోందా?

పరీక్షించాలనుకుంది. చక్కగా ఉన్న ప్రోగ్రాము మధ్యలో, ఏ కంపైలరూ సహించని చోట, ఇంగ్లీషు అక్షరాల్లో 'యాజులు' అని కొట్టింది. అర్థంలేని మాట కనిపిస్తే కంపైలర్ అక్కడే ఆగి గోల పెట్టాలి. పెట్టలేదు. అంతా బ్రహ్మాండంగా ఉందని ప్రోగ్రాము కట్టి ఇచ్చింది. యాజుల్ని చూసి అభ్యంతరం లేనిది మన్మథరావొక్కడే కాదన్నమాట అనుకుంది కనకం.

అంటే చదవడం లేదు. చదవాలో వద్దో అది దేన్ని బట్టి తేల్చుకుంటుంది? తేదీని బట్టి. దిద్దినది కొత్తదైతే చదువుతుంది. ఇంతకుముందు మార్చి పెట్టుకున్నదే కొత్తదైతే చదవకుండా దాన్నే వాడుకుంటుంది. మన ఇంట్లోనూ అంతే, కొత్తగా పప్పు నానబోశామని తెలిస్తేనే రుబ్బుతాం, లేకపోతే నిన్నటి పిండితోనే ఇడ్లీ వేస్తాం. ఇక్కడ ప్రతి ఉదయమూ, కరెంటు వచ్చిన ప్రతిసారీ, కాలం వెనక్కి వెళ్ళి విజయదశమి పదీ ఇరవైకి వస్తోంది. నిన్న మధ్యాహ్నం మార్చి పెట్టుకున్నది ఇవాళ పొద్దున దిద్దినదానికంటే కొత్తదిగా కనిపిస్తోంది. యంత్రం చెప్పిన మాటే వింటోంది. చెప్పేవాడే అబద్ధం చెబుతున్నాడు.

తను కొట్టిన పేరు చెరిపేసి, కిందికి వెళ్ళి మన్మథరావుకి ఇదంతా ఓపిగ్గా చెప్పింది. ఆయన సగం విని చెవులు మూసుకున్నాడు.

"తప్పమ్మా, తప్పు. ముహూర్తంలో దోషమంటారేటి? మా సిద్ధాంతిగారు వింటే బాధపడతారు. రాసిందాన్లో తప్పు పెట్టుకుని తారీకు మీదకి తోసేస్తే ఎలగ?"

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. రామచంద్రమూర్తి మెత్తని మనిషి. గొడవంటే పడదు.

"మార్చి పెట్టుకున్న పాత ముక్కలన్నీ చెరిపేస్తే మళ్ళీ మొదట్నించీ చదువుతుంది కదా? గుట్టుగా ఆ పని చేసెయ్యి కనకం. శనివారం గట్టెక్కుతావు."

"శనివారం గట్టెక్కుతాను. సోమవారం ఆయన మళ్ళీ దసరా చేస్తాడు. మళ్ళీ మొండికేస్తుంది. అప్పుడూ నా వంట ధ్యాసేనా?"

"మరి ఏం చేస్తావు?"

"ఏమీ చేయను. నా దిద్దుబాటు తీసేసి, మొదటి తప్పు అలాగే ఉంచుతాను. యాజులుగారే దిద్దుతారు."

శనివారం సొసైటీ తరఫున అప్పలనరసింహం వచ్చాడు. చెరకు తోటల మధ్యే తల నెరిసిన పెద్దమనిషి. కాళ్ళు కడుక్కోమంటే కడుక్కున్నాడు, గుమ్మడికాయకి తల తగిలితే తప్పుకున్నాడు, కుర్చీలో కూర్చుని, "మరి సూపించండి, బేగి ఎళ్ళాలి," అన్నాడు.

మన్మథరావు భక్తితో విజయదశమి కొట్టాడు. కనకం వరస అచ్చు తీసి చేతికిచ్చింది. అప్పలనరసింహం కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఇదేటండీ, మొక్క తోటలు ముందెట్టి కార్శి ఎనక్కెట్టినారు? ఈ వరసలో నరికితే నాతవరమోళ్ళు ముందు నన్ను నరుకుతారు."

యాజులు టై సవరించుకున్నాడు. "నేను ముందే చెప్పాను సార్. మేడమ్ లాజిక్."

"అవునండీ," అంది కనకం. ఆ ఒప్పుకోలుకి మన్మథరావే తెల్లబోయాడు. "తప్పు ఈ వాక్యంలో ఉంది. ఈ గుర్తు ఇటు తిప్పితే సరిపోతుందని నేననుకుంటున్నాను. మీరేమంటారు?"

యాజులు చూశాడు. అంత కళ్ళెదుట పెట్టాక ఎవరికైనా అర్థమవుతుంది. "కరెక్ట్. అదే నేను చెప్పేది."

"నాకు పొద్దున పూట వంట ధ్యాస ఉంటుంది కదండీ. మీ చేత్తోనే దిద్దండి."

ఆవిడ కుర్చీ ఇచ్చింది. యాజులు కూర్చున్నాడు, దిద్దాడు, ప్రాజెక్టు కట్టమన్నాడు, అచ్చు తీశాడు. మొక్క తోటలు ముందు, కార్శి వెనక. ఇంకోసారి దిద్దాడు. అదే. ఏసీ గదిలో ఆయన మెడ చుట్టూ చెమట పట్టింది.

"కంపైలర్ ఫ్లాపీ పాడైంది," అన్నాడు. "మద్రాసు నుంచి తెప్పించాలి."

"మీకూ వంట ధ్యాసేటండీ?" అన్నాడు అప్పలనరసింహం. ఆ మాట ఆయన సరదాకే అన్నాడు, వెనక కథ ఏమీ తెలియదు. యాజులు మొహం మాత్రం కుంకుమ పూసినట్టయింది.

కనకం అప్పలనరసింహం వైపు తిరిగింది. "బాబుగారూ, ఇవాళ తేదీ ఎంతండీ?"

ఆయన చెప్పాడు.

"ఈ కంప్యూటర్‌కి మటుకు ఇంకా పోయిన దసరానే. రోజూ పొద్దున్నే దానికి దసరా అని చెబుతారు. నిన్న సాయంత్రం చేసిన పని ఇవాళ పొద్దుటికంటే కొత్తదనుకుని, ఇప్పుడు వీరు దిద్దినది అసలు చూడనే చూడదు."

అప్పలనరసింహం మన్మథరావుని ఎగాదిగా చూశాడు. "ఏటయ్యా మన్మథరావూ, తారీకు సెప్పడానికి కూడా ముహూర్తమా? మా రైతులు దుక్కి ఏ నెల్లో దున్నినారో అదే తారీకు కోతలికీ ఏసుకుంటే పంట ఇంటికొస్తాదా?"

"అది జన్మలగ్నమండీ..."

"నీ లగ్నం సల్లగుండా. కొట్టమ్మా, కొట్టు."

మన్మథరావు "అయ్యయ్యో" అంటూ ఉండగానే కనకం యంత్రానికి తేదీ కొట్టింది. ఆ గదిలో నిజమైన తేదీ నమోదు కావడం అదే మొదటిసారి. తరవాత యాజులు దిద్దిన ముక్కనే తెరిచి, ఒక్క అక్షరమైనా మార్చకుండా మళ్ళీ భద్రపరిచి, ప్రాజెక్టు కట్టమంది. ఈసారి కంపైలర్ చదివింది. అచ్చులో నాతవరం కార్శి తోటలు బుద్ధిగా ముందుకొచ్చి నిలబడ్డాయి.

గుమ్మడికాయ ఊడిపడలేదు. స్టెబిలైజర్ పేలలేదు. మన్మథరావు రెండూ జరుగుతాయేమోనని చూసి, జరక్కపోయేసరికి ధైర్యం తెచ్చుకుని, "యాజులుగారి సెయ్యి పడింది కదండీ, మరి అవదేటి?" అన్నాడు.

"సిస్టమ్ డేట్ విషయం నాకు మొదట్నించీ డౌటే," అన్నాడు యాజులు.

మనుషులు ఇంత తొందరగా మాట మార్చగలరని కనకానికి తెలుసుగానీ, ఇంత దగ్గర నుంచి చూడడం మొదటిసారి. ఎదురుచూసిన కోపం కూడా రాలేదు. కుళ్ళిన కూరగాయ చేతికి తగిలితే వచ్చే చిరాకులాంటిది వచ్చింది.

"యాజులుగారూ, అయితే నా ప్రోగ్రాములో వీక్‌గా ఉన్నదేమిటో ఇప్పుడు వీరి ఎదుట చెప్పండి. ఇందాక మీరు దిద్దినది కాకుండా. అది నేనే చూపించాను."

యాజులు వాచీ చూసుకున్నాడు. విశాఖపట్నం బస్సు గుర్తొచ్చింది.

"ఇప్పుడు అయన్నీ ఎందుకమ్మా? పనైపోయింది కదా," అన్నాడు మన్మథరావు.

"పని సోమవారమూ ఉంటుందండీ. నేను రావాలంటే రెండే మాటలు. తప్పు నాది కాదని ఇక్కడ, ఇప్పుడే చెప్పాలి. ఇక మీద తేదీ నేను కొడతాను. రెండూ కుదరకపోతే వీరి కుర్రాణ్ణి పిలిపించుకోండి. వచ్చినవాడు కూడా మీ దసరాలోనే పని చేయాలి."

మన్మథరావు యాజుల్ని చూశాడు. యాజులు చెప్పుల కోసం మెట్లవైపు చూస్తున్నాడు. అప్పలనరసింహం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "నాకు కంప్యూటర్ సంగతి తెలవదు గానీ, ఈయమ్మ నేకపోతే ఈ పని మాకొద్దు. ఆ ముక్క సెప్పేయవయ్యా, నోరు అరిగిపోతాదా?"

"తప్పు మీది కాదమ్మా," అన్నాడు మన్మథరావు, గుమ్మడికాయకి చెబుతున్నట్టు.

"సరే," అంది కనకం.

సోమవారం ఆవిడ వచ్చేసరికి ఆయన పైనే ఉన్నాడు. విభూతి ఉంది, వేలు మాత్రం వెనక్కి దాచుకున్నాడు. చంకలో పంచాంగం. ఆవిడ కూర్చుని స్విచ్చి వేసింది. తెర వెలిగి తేదీ అడిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మరేటంటే... ఇయ్యాళ అమావాస్య. రేపటి తారీకు కొట్టేద్దామేటి? ఒక్క రోజే కదా."

కనకం తల ఎత్తి ఆయన్ని ఒకసారి చూసింది. ఆ చూపుకి ఆయన పంచాంగం రెండో చంకలోకి మార్చుకున్నాడు. ఆవిడ తెరవైపు తిరిగి అమావాస్య తేదీ కొట్టి, పనిలో పడింది.