కూత పెట్టిన డబ్బా

స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి వచ్చిన అప్పలసూరికి నిద్ర ముందు దేవుడైనా దిగదుడుపే. జనవరి చలి. భార్య బజారుకెళ్లింది. సెక్టర్ 2 క్వార్టర్‌లో ఆయన కుంపటి రాజేసి, గదిలో పెట్టుకుని, తలుపూ కిటికీ దగ్గరగా మూసి పడుకున్నాడు.

ఆ గది మూల బల్ల మీద కూతురు హేమమాలిని చేసిన డబ్బా ఉంది. విషవాయువు చేరితే కూత పెట్టడం దాని పని. మర్నాడు స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్. జడ్జీలు మెచ్చుకుంటే ఇంజనీరింగ్ చదివించే సంగతి చూద్దామన్నాడు నాన్న.

కాసేపటికే డబ్బా కూసింది. హేమమాలిని పరుగున వచ్చి నాన్నని కుదిపింది. కుంపటి బయట పెట్టమంది, ఆ గ్యాసుకి వాసన కూడా ఉండదంది. అంతే, చెయ్యి లేచింది. చెంపదెబ్బకి పిల్ల వెళ్లి గోడకి గుద్దుకుంది. ఆయన డబ్బాని నేలకేసి కొట్టి, కూత ఆగేదాకా డ్యూటీ బూటుతో మోదాడు.

"ఇరవయ్యారేళ్లు గ్యాసులో డూటీ సేసినోణ్ని. కుంపట్లో గ్యాసేటే?"

జుట్టు పట్టి బయటికి తోసి గడియ పెట్టుకున్నాడు.

ప్లాంటులో జేబుకున్న గ్యాసు పసిగట్టే పెట్టె కీచుమంటే చేతిలో పని అక్కడే పడేసి లగెత్తే మనిషి ఈయన. అక్కడిది గ్యాసు, ఇంట్లోది కుంపటి. ఆడపిల్ల చేసింది కూస్తే మాత్రం గోల.

హేమమాలినికి ఏడుపు రాలేదు. చావనీ అనుకుంది, నిజంగానే అనుకుంది. అరగంటకి మనసాగక తలుపు కొట్టింది. పలుకు లేదు, గురకా లేదు. పెరట్లోని రుబ్బురోలు పొత్రం తెచ్చి కిటికీ అద్దం బద్దలుకొట్టి, చెయ్యి దూర్చి పక్కనున్న తలుపు గడియ లాగింది. మోచేతి దాకా గాజు చీరేసింది. నాన్న కాళ్లు పట్టి ఈడ్చింది. గడపకి ఆయన తల కొట్టుకున్నా ఆగలేదు. పెరట్లో గాలి తగిలాక ఆయన కక్కుకుని, కళ్లు తెరిచాడు.

మర్నాడు ఎగ్జిబిషన్లో ఆమె బల్ల మీద పళ్లెంలో డబ్బా ముక్కలున్నాయి. జడ్జీగా వచ్చిన ఇంజనీరు భుజంగరావు గారు ఇది పని చేస్తుందని రుజువేమిటని అడిగారు. తలకి కట్టుతో వెనకే నిలబడ్డ అప్పలసూరి ముందుకొచ్చాడు.

"పన్జేసిందండి. కూసి సెప్పింది. నేనే పగలగొట్టీసేను."

హేమమాలిని నాన్న వైపు చూడలేదు. కమిలిన చెంప ఇంకా సలుపుతోంది.

"చెంప సంగతి కూడా చెప్పు నాన్నా," అంది.

సెక్టర్ జనమంతా వింటుండగా, తల వంచుకుని, అదీ చెప్పాడు.