తగ్గినాక పోదువులే

కట్లకు వాడే గుడ్డపేలికలు ఉడకబెట్టే గిన్నెకు మా వంటింట్లో చోటు లేదు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీదే దాని కాపురం. మా అత్త ప్రసూనాంబ దాని పక్కన నడవాల్సి వస్తే చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. ఆ గిన్నె కడిగిన చేతులతో నేను వండిన పులుసు మాత్రం మారు వేయించుకుని తింటుంది.

అది పందొమ్మిదివందల ఎనభై రెండో సంవత్సరం. నగరిలో ఆసుపత్రి తరఫున ఇళ్లకు వెళ్లి క్యాన్సరు రోగులకు కట్లు కట్టడం నా ఉద్యోగం. ఎవరింటికి పోయొచ్చావు, ఏ గిన్నె ముట్టుకున్నావు అని మా అత్త నన్ను ఎన్నైనా అడగొచ్చు. నేను మాత్రం ఎవరినీ ఏమీ అడగకూడదు. బడిపంతులైన మా ఆయన సుబ్రమణ్యం చిత్తూరుకు బదిలీ పెట్టుకున్నాడని పక్కింటావిడ చెబితే తెలిసింది. అడిగితే, "నీకెందుకే అవన్నీ?" అన్నాడు. చిన్నప్పుడు మా నాయన కూడా ఇదే మాట అనేవాడు. అందుకేనేమో, ఏ గడప తొక్కినా నా బుద్ధి ఊరుకోదు. ఈ ఇంట్లో ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియనివ్వడం లేదు అని ఆరా తీస్తూనే ఉంటాను.

చెంగమ్మది నేతగాళ్ల ఇల్లు. మగ్గం గుంతలో మొగుడు దేవరాజులు, పక్కనే రాట్నం ముందు ఆమె. ఎడమ రొమ్ము పుండైపోయింది. వాచిన ఎడమచేత్తో దారం పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతూనే ఉండేది. మొదట్లో భుజం నొప్పి అంటే కీలు బెణికిందనుకుని, ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారట. ఆయన చెయ్యి పట్టి చూసి, ఇది ఎముక సంగతి కాదని దేవరాజుల్ని బయటికి పిలిచి చెప్పాడు. పెద్దాసుపత్రిలోనూ మొగుణ్నే లోపలికి పిలిచారు. రెండుచోట్లా ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది.

నన్ను కూడా దేవరాజులు మొదటిరోజే గుమ్మం దగ్గర ఆపాడు. "సిస్టరమ్మా, ఆ రోగం పేరు మాత్రం ఎత్తొద్దు. ఉత్త పుండని చెప్పినాం. బెదిరిపోతాది" అన్నాడు. నేను తలూపాను.

చెంగమ్మకు ఒకటే కోరిక. కార్వేటినగరంలో ఉన్న చెల్లెలు తిరుమలమ్మను చూడాలి. ఏదో మాట పట్టింపు వచ్చి అక్కచెల్లెళ్లకు మాటలు పోయాయి. చెంగమ్మ ఆ ఊసెత్తినప్పుడల్లా దేవరాజులు మగ్గంలోంచి తల ఎత్తకుండానే, "తగ్గినాక పోదువులే" అనేవాడు. చెంగమ్మ అత్త వరదమ్మదీ అదే మాట. చెంగమ్మ నమ్మి, తగ్గడం కోసం కాచుకుని కూర్చుంది. ఇంకొన్నాళ్లు పోతే బండెక్కే ఓపిక కూడా ఆమెకు ఉండదని నాకు తెలుసు.

ఒకరోజు పుండు కడుగుతుంటే చెంగమ్మ మూలగడం మాని వంగి దాన్నే చూస్తోంది.

"మా అత్త కాలిపుండు పక్కు కట్టి రాలిపోయినాది. ఇది సూస్తే లోపలికి పోతా ఉండాది. భుజంలో నొప్పికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉండాదా? ఏమిది సిస్టరమ్మా?"

"నీకెందుకక్కా అవన్నీ, నేను కడుగుతా ఉన్నా కదా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సుబ్రమణ్యం మాట నా నోట్లో! సిగ్గుతో చచ్చిపోయాను. చెబితే దేవరాజులు నన్ను గడప తొక్కనివ్వడు, అప్పుడు ఈమెకు కట్టు ఎవరు కడతారు? చెప్పకపోతే ఈమె చెల్లెల్ని చూడకుండానే పోతుంది.

"క్యాన్సరక్కా. ఇది మానదు" అన్నాను.

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

చెంగమ్మ ఏడవలేదు. "నా ఒంట్లోది. ఇంట్లో అందరికీ తెల్సు, నాకు తెలీదు" అంది.

దేవరాజులు గుంతలోంచి లేచి వచ్చాడు. "చెప్పొద్దంటినే సిస్టరమ్మా! ఇంక మా ఇంటికి రావొద్దు నువ్వు!" అని అరిచాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నువ్వు బెదిరిపోతావనే చెప్పలేదే" అన్నాడు.

"బెదిరింది నువ్వు" అంది చెంగమ్మ. "నీ బెదురుకు నా దినాలెందుకు తీసుకుంటివి? పో, బండి మాట్లాడుకోని రా. తిరుమలమ్మను సూడాల."

అతను కండువా భుజాన వేసుకుని వెళ్లాడు. నేను కట్టు ముడి వేసి సంచీ సర్దుకుంటుంటే చెంగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చో సిస్టరమ్మా. నిన్ను రావొద్దనేదానికి ఆయనెవరు? ఇంకా ఏమేమవతాదో నాకు, శానా అడగాల."

నేను చాప మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.

"అడుగక్కా" అన్నాను. ఆ మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు.