టీచరుగారి స్పానిష్

ముప్ఫయ్యొక్క ఏళ్ళు హైస్కూల్లో తెలుగు పండితురాలిగా పనిచేసి, ఒక్కనాడు కూడా పిల్లల ముందు "నాకు తెలియదు" అనని మనిషిని నేను. గొప్పకు చెప్పడం లేదు. జబ్బు సంగతి చెబుతున్నాను. తెలియనిది ఎవరైనా అడిగితే "రేపు చెబుతా, కూర్చో" అనేదాన్ని. ఇంటికి వెళ్ళి చదువుకుని, మర్నాడు పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు చెప్పేదాన్ని. రిటైరై నాలుగేళ్ళయినా జబ్బు తగ్గలేదు. అందుకే పోయిన ఆగస్టులో, జగ్గయ్యపేట చర్చి మెట్ల మీద బెన్ని నన్ను ఆపి, "టీచరుగారూ, మనవాళ్ళలో స్పానిష్ వచ్చినోళ్ళు ఎవరన్నా ఉన్నారాండి?" అని అడిగినప్పుడు, నా నోరు నన్ను అడక్కుండానే జవాబిచ్చేసింది.

"నాకొచ్చు. రేపు సాయంత్రం ఆరింటికి రా."

ఇంటికొచ్చాక మా ఆయన రత్నబాబు నిదానంగా అడిగారు. "ప్రేమా, నీకు స్పానిష్ ఎప్పుడొచ్చింది?"

"రేపొస్తుంది," అన్నాను. ఆయన పేపరు చదువుకున్నారు.

బెన్ని నా పాత విద్యార్థి. బళ్ళో కాదు, నేను చర్చిలో నడిపిన సండే స్కూల్లో. ఇప్పుడు ముప్ఫై అయిదేళ్ళవాడు, ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నా, ఫ్యాక్టరీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. గేటు పాసు మీద అతని పేరు కంటే కాంట్రాక్టరు పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ ఫ్యాక్టరీకి స్పెయిన్ నుంచి కొత్త మిల్లు వస్తోందట. దాన్ని బిగించడానికి వచ్చే ఇంజనీర్లకు ఇంగ్లీషు అంతంత మాత్రమట. కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్లలో వాళ్ళ భాష కాస్తయినా వచ్చినవాడికి పరీక్ష పెట్టి, ఒకణ్ణి పర్మనెంటు చేస్తామని నోటీసు పెట్టారు. రెండు నెలల గడువు. బెన్ని సర్వీసులో అలాంటి నోటీసు పడటం అదే మొదటిసారి. మళ్ళీ పడుతుందని ఎవరూ అనుకోవడం లేదు.

మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కాను. జగ్గయ్యపేటలో స్పానిష్ పుస్తకం అడిగితే సాయంత్రానికల్లా నాకు స్పానిష్ రాదని ఊరంతా తెలిసిపోతుంది. నందిగామలో మా అక్క కూతురు జెరూషా కాలేజీ లెక్చరర్. అది నెట్‌లో వెతికి ఒక క్రియ తాలూకు పట్టికలన్నీ ప్రింటు తీసి ఇచ్చింది. "ఎవరికి పిన్నీ?" అంది. "ఒకళ్ళకి," అన్నాను.

క్రియ పేరు త్రబాహార్. పని చెయ్యడం. కాంట్రాక్టు పనివాడికి అంతకంటే పనికొచ్చే క్రియ ఏముంటుందని నేనే ఎంచుకున్నాను. ఎంచుకున్నాక పట్టిక చూసి కాస్త భయపడ్డ మాట నిజం. నేను చేస్తే ఒక రూపం, నువ్వు చేస్తే ఒకటి, వాడు చేస్తే ఒకటి, మేం, మీరు, వాళ్ళు. ఇలా ఆరు. ఈ ఆరూ ప్రతి కాలంలోనూ మారతాయి. గడిచిపోయిన కాలమే వాళ్ళకి అయిదు రకాలు. అంత గడిచిపోయిన కాలం పెట్టుకుని ఏం చేసుకుంటారో నాకర్థం కాలేదు. కాలాలు అయ్యాక మళ్ళీ చెప్పే తీరులు. జరిగింది జరిగినట్టు చెబితే ఒక వరస, జరగాలని కోరుకున్నా, జరుగుతుందో లేదోనని అనుమానపడ్డా ఇంకో వరస, చెయ్యమని ఆజ్ఞాపిస్తే మరొకటి. వాటికి స్పానిష్ పేర్లు నా నోరు తిరగలేదు. అందుకని తెలుగు వ్యాకరణంలోంచి నేనే పేర్లు పెట్టాను. నిశ్చయార్థకం, సందేహార్థకం, విధ్యర్థకం. ముప్ఫయ్యొక్క ఏళ్ళు చెప్పిన చదువు అలా ఒకసారికి పనికొచ్చింది.

బోధించే పద్ధతి మాత్రం సండే స్కూలుదే. మా దగ్గర బైబిలు వాక్యం కంఠతా చెప్పాలంటే ముందు రెఫరెన్సు చెప్పాలి. ఎన్నో అధ్యాయం, ఎన్నో వచనం, ఆ తర్వాతే వాక్యం. రెఫరెన్సు లేని వాక్యానికి సున్నా. ఈ రూలు పెట్టింది నేనే. వాక్యం రానివాళ్ళు తలుపు దగ్గర వరసలో నిలబడాలి. అదీ నా రూలే. బెన్ని పదేళ్ళపాటు ఆదివారం ఆదివారం తలుపు దగ్గరే నిలబడ్డాడు. రెఫరెన్సు గుర్తుంటే వాక్యం పోయేది, వాక్యం గుర్తుంటే రెఫరెన్సు పోయేది. వీడి బుర్ర ఇంతేనని నేను తేల్చేశాను.

అలాంటివాడికి ఇప్పుడు స్పానిష్. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల దువ్వుకుని ఆరింటికల్లా మా వరండాలో ఉండేవాడు.

"నిశ్చయార్థకం, వర్తమానం, ఒకటి?" అనేదాన్ని.

"నిశ్చయార్థకం, వర్తమానం, ఒకటి. త్రబాజో."

"రెండు?"

"నిశ్చయార్థకం, వర్తమానం, రెండు. త్రబా... త్రబా... మర్చిపోయానండి."

నాలుగు రోజులు త్రబాజో అనే చెప్పించాను. అయిదో రోజు నందిగామ వెళితే, ఆ అక్షరాన్ని జ అనరు పిన్నీ, హ అంటారు అంది జెరూషా. ఆ సాయంత్రం బెన్నిని కూర్చోబెట్టి, "ఇప్పటిదాకా చెప్పింది పాత స్పానిష్. ఇవాళ్టినుంచి కొత్త స్పానిష్," అన్నాను. వాడు తలూపి నోట్సులో అన్నీ కొట్టేసి దిద్దుకున్నాడు. లోపల్నుంచి మా ఆయన దగ్గారు. ఆయనకు దగ్గు లేదు.

మూడు రోజులకొకసారి నందిగామ వెళ్ళి, తెలియనివి అడిగి తెలుసుకుని, సాయంత్రానికి తిరిగొచ్చి పాఠం చెప్పేదాన్ని. వాడికంటే సరిగ్గా ఒక్క పేజీ ముందున్నాను. రెండు వారాలు వాడికి ఏదీ నిలవలేదు. మూడో వారంలో పట్టుబడింది. వర్తమానం వచ్చింది, భూతాలు వచ్చాయి, భవిష్యత్తు వచ్చింది. సందేహార్థకం దగ్గర నేనే రెండుసార్లు తడబడితే వాడు తడబడలేదు. ఇంకో పది క్రియలు కూడా ఎక్కించాను. ఉండడం, రావడం, తెలియడం, కావడం లాంటివి. ఇదంతా నా బోధన మహిమే అని మా ఆయనతో చెప్పాను. ఆయన కాదనలేదు.

అక్టోబరులో పరీక్ష. వెళ్ళింది ముగ్గురు. స్పెయిన్ నుంచి వచ్చిన ఇంజనీరు మార్తా అనే ఆవిడ. ఆఫీసులో కాదు, పాత మిల్లు పక్కనే పరీక్ష పెడతానందట. అక్కడికి మొబైల్ తీసుకెళ్ళకూడదని ఫ్యాక్టరీ రూలు. మిగతా ఇద్దరి స్పానిష్ మొబైల్లో ఉంది. వాటిని గేటు దగ్గర ఇచ్చేసి వచ్చాక, ఒకతను ఓలా అని నమస్కారం చెప్పి ఆగిపోయాడు. రెండో అతను ఓలా చెప్పి, గ్రాసియాస్ అని థాంక్స్ చెప్పి, మళ్ళీ ఓలా చెప్పాడు.

బెన్ని ఆ సాయంత్రమే వచ్చి తన వంతు చెప్పాడు.

"ఇక్కడే పనిచేస్తున్నావా అని అడిగిందండి. నిశ్చయార్థకం, వర్తమానం, ఒకటి, త్రబాహో అన్నా."

"రెఫరెన్సు కూడా చెప్పావా?"

"చెప్పకపోతే సున్నా కదండి."

రెఫరెన్సు నాకోసం, పరీక్షలో చెప్పకూడదు అని వాడికి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు.

"ఇక్కడికి రాకముందు ఎక్కడ చేసేవాడివి అంది. నిశ్చయార్థకం, భూతం, రెండో రకం, ఒకటి, త్రబాహాబా, పెనుగంచిప్రోలు అన్నా. అక్కడ మోటార్లు రీవైండింగ్ చేసేవాణ్ణి కదా. అప్పుడావిడ మా హెచ్చార్ భవానీప్రసాద్‌గారి వైపు తిరిగి, నిశ్చయార్థకం అంటే ఏంటి అని ఇంగ్లీషులో అడిగిందండి. ఆయన తెలీదన్నాడు. ఆవిడ రాసుకుంది."

"తర్వాత?"

"ఇంకా ఏవో అడిగింది. అన్నిటికీ చెప్పా. నవ్వింది. వెళ్ళమన్నారు."

ఆ నవ్వు ఎలాంటిదని అడిగాను. మామూలు నవ్వేనన్నాడు. వాడు వెళ్ళాక నాకు అన్నం సయించలేదు. పదకొండేళ్ళ కాంట్రాక్టు, ఒకే ఒక్క అవకాశం. వాడు నమ్మి నా దగ్గరికి వస్తే, నాకు రాని భాషను నా రూలుతో కలిపి వాడి నోట్లో కుక్కి పంపించాను. వాడి బతుకు పాడు చేశానని మా ఆయనతో అన్నాను. ఆయన ఆ రోజు దగ్గలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక దేవరాజ్ నా దగ్గరికి వచ్చాడు. అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. ఎవరికి ఏ వార్త చెబితే నొప్పి పుడుతుందో అతనికి బాగా తెలుసు.

"పరీక్షప్పుడు నేనక్కడే ఉన్నా టీచరుగారూ. ఆవిడ బెన్నిని నీకెవరు నేర్పారని అడిగింది. వాడు మీ గురించి ఏదో చెప్పాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. ఏమన్నాడని బయటికొచ్చాక అడిగా. మా టీచరుగారికి స్పానిష్ రాదు అని చెప్పానన్నాడండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నిజమే. నిజమైతే మాత్రం పరాయి దేశస్థురాలి ముందు, హెచ్చార్ ముందు, ముఖ్యంగా దేవరాజ్ ముందు అనాలా? రెండు నెలలు వరండాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి చెప్పాను. పైగా నాకు రాదని వాడికెలా తెలిసింది? జెరూషా చెప్పిందా? మా ఆయన చెప్పారా? ఇద్దరినీ విడివిడిగా నిలదీశాను. ఇద్దరూ కాదన్నారు.

మంగళవారం సాయంత్రం ఆరింటికి బెన్ని వచ్చాడు. చేతిలో స్వీట్ల డబ్బా, కవరు. ఆర్డరు కాగితం నా చేతికిచ్చాడు. ఎలక్ట్రీషియన్, పర్మనెంటు. కాగితం మీద వాడి పేరొక్కటే ఉంది. పైనుంచి కిందిదాకా వెతికాను, కాంట్రాక్టరు పేరు ఎక్కడా లేదు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సంతోషాన్ని పక్కన పెట్టి ముందు కోపం తీర్చుకున్నాను.

"నాకు స్పానిష్ రాదన్నావట ఆవిడతో."

బెన్ని తల వంచుకున్నాడు. "అన్నానండి. నీకెవరు నేర్పారంటే, మా టీచరుగారు అన్నా. ఆవిడ స్పెయిన్ ఎప్పుడెళ్ళారంది. వెళ్ళలేదు, ఆవిడకి స్పానిష్ రాదు, అయినా నాకు నేర్పారు అని చెప్దామనుకున్నా. 'నో సాబే ఎస్పాన్యోల్', స్పానిష్ రాదు అనేదాకా వచ్చింది. మిగతాది రాలేదండి."

"నాకు రాదని నీకెవరు చెప్పారురా?"

"ఎవరూ చెప్పలేదండి. చూశా."

"ఏం చూశావు?"

"రెండో వారంలో కాంట్రాక్టరు పనిమీద నందిగామ పంపించాడు. బస్టాండులో బెంచీ మీద మీరున్నారు. పలకరిద్దామని దగ్గరికొచ్చా. కళ్ళు మూసుకుని గొణుక్కుంటున్నారు. మధ్యలో ఆగిపోయి, కాగితం తీసి చూసుకుని, మొట్టికాయ వేసుకుని మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టారు. అలా ఆరుసార్లు. మీ బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా. మీరు చూసుకోలేదు."

నేను ఆర్డరు కాగితాన్ని మడిచి కవర్లో పెట్టాను.

"ఆ రోజే మానేద్దామనుకున్నానండి అసలు. నాకెట్టాగూ రావట్లేదని మీతో చెప్పేద్దామనుకున్నా. మిమ్మల్ని అట్టా చూశాక మానబుద్ధి కాలేదు. చిన్నప్పుడు మీకన్నీ ఊరికే వచ్చేస్తయ్ అనుకునేవాణ్ణి. వచ్చేవాళ్ళకి ఊరికే వస్తయ్, రానోళ్ళకి రావు, నేను రానోణ్ణి, అంతే అనుకున్నా. మీరు కూడా మర్చిపోతారని, మొట్టికాయ వేసుకుంటారని నాకెప్పుడూ తెలీదు కదండి. ఒక్కసారన్నా మా ముందు మర్చిపోయుంటే..." అని ఆగి, "పోనీలెండి," అన్నాడు. డబ్బా మూత తీసి ముందు పెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. బెన్ని కంగారుపడి మంచినీళ్ళ కోసం లోపలికి పరిగెత్తాడు. నేను కుర్చీలో కూర్చుని ఉంటే, ఆ సండే స్కూలు తలుపు దగ్గర వాడి పక్కన వరసలో నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరే గుర్తుకు రావడం మొదలుపెట్టారు. సూసన్. వాళ్ళ తమ్ముడు. రెండు జడల మెర్లిన్. ఎప్పుడూ చొక్కా గుండీ నములుతూ నిలబడే ఇంకో పిల్లాడు. వాడి పేరు ఎంత ఆలోచించినా రాలేదు.