సొరుగులో పెట్టని బట్ట

తెగిన పోగును నొపోకో ముందు వేళ్ళతో పట్టుకుంది, తర్వాతే కళ్ళతో చూసింది. ఈమధ్య అంతే, వేళ్ళు ముందు, కళ్ళు వెనక. రెండు కొసలనూ ఉమ్మితో తడిపి, మెలిపెట్టి, ఒకసారి లాగి చూసింది. నిలిచింది. తొక్కుడుకర్ర మీద కాలు వేయగానే పడుగు పోగులు రెండుగా విడి నోరు తెరిచాయి, పేక పోగుతో నాడె అటు దూకింది, ఇనుప మగ్గం ఒళ్ళంతా ఒకసారి అదిరింది.

కూదూగు పట్టణంలో ఆ రేకుల షెడ్డు ఆడవాళ్ళ నేతసంఘానిది. తలుపు పక్కన, వెలుతురు ముందుగా పడే చోటు నొపోకోది. ఏళ్ళ తరబడి నాడె విసిరి ఆమె కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారింది. చెంపల మీద చిన్నప్పుడు తెగ గుర్తుగా పెట్టిన గాట్లు ముడతల్లో కలిసిపోయాయి. గోళ్ళ అంచుల్లో మాత్రం నీలిరంగు ఏ సబ్బుకీ లొంగకుండా ఉండిపోయింది. రెండు రోజులుగా ఎడమ రెక్క కింద ఏదో పట్టేసినట్టుంది. మగ్గం నొప్పులు ఆమెకు కొత్త కాదు గనక దాన్నీ పట్టించుకోలేదు.

"అక్కా, ఇవాళ బళ్ళు తెరుస్తున్నారు. పోయి చూసొద్దాం పద," అంది పక్క మగ్గం మీది అస్సేతా.

"చూడ్డానికేముంది?"

"మనం నేసిన గుడ్డ వేసుకుని పిల్లలు వస్తారు. ఊళ్ళో అందరూ చూస్తున్నారు, నేసినదానివి నువ్వు చూడవా?"

"గేటు దాటగానే విప్పేస్తారు. నాకు తెలుసులే," అంది నొపోకో, నాడె ఆపకుండానే.

బడిపిల్లల దుస్తులు ఇకమీదట ఈ దేశపు పత్తితో, ఈ దేశపు మగ్గాల మీద నేసిన గుడ్డతోనే ఉండాలని ప్రభుత్వం చెప్పినప్పుడు షెడ్డంతా ఈలలు వేసింది. వానాకాలమంతా మగ్గాలు ఊపిరి తీసుకోలేదు. అందరికంటే ఎక్కువ నేసింది నొపోకోయే, అందరికంటే తక్కువ మాట్లాడిందీ ఆమే. ఎందుకంటే ఇలాంటి ఆజ్ఞ ఆమె ఇంతకుముందొకటి చూసింది.

అప్పుడామె కొత్తకోడలు. సర్కారు ఉద్యోగులంతా దేశవాళీ నేతబట్టలే కట్టుకుని పనికి రావాలన్నారు. ఇంటింటా మగ్గం లేచింది. మొగుడు కోకో తోటల పనికని దక్షిణాన సముద్రపు దేశానికి పోయి, అక్కడే మరో కాపురం పెట్టుకున్నా ఆమె చెయ్యి చాచకుండా బతికిందంటే ఆ మగ్గం వల్లనే. ఒకరోజు కూతురి జననపత్రం కోసం ఓ ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా విదేశీ చొక్కాలో నిగనిగలాడుతున్నాడు. బయట జీపు చప్పుడు వినబడగానే, "తనిఖీ!" అని ఎవరో అరిచారు. గుమాస్తా సొరుగు లాగి, అందులోంచి నలిగిన నేతచొక్కా తీసి పైన తొడుక్కున్నాడు. జీపు వెళ్ళిపోగానే విప్పి, ఉండచుట్టి, మళ్ళీ సొరుగులోకి తోశాడు. గది గదంతా నవ్వింది. నొపోకో కూడా నవ్వింది. ఆ చొక్కా చారల్లో ఒకచోట తెలుపు రెండుసార్లు పడింది. కూతురికి జ్వరంగా ఉన్న రాత్రి పరధ్యానంలో తాను చేసిన పొరపాటు అది. తన గుడ్డే.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆజ్ఞ పోయింది, విదేశాల పాతబట్టల మూటలు వచ్చాయి, మగ్గాలు మూలపడ్డాయి. ఆమె మాత్రం పెళ్ళిళ్ళకు, చావులకు నేస్తూనే వచ్చింది.

"ఏమే మొస్సీ ముసలీ! యజమాని వస్తే లేచి నిలబడవా?"

గుమ్మంలో దర్జీ పారె నిలబడి ఉన్నాడు, మెడలో కొలతల టేపుతో. అతను సామో తెగవాడు, ఆమె మొస్సీ. సామోలకూ మొస్సీలకూ మధ్య తాతల నాటి వేళాకోళపు వరస ఉంది. కనబడితే నువ్వు నా బానిసవంటూ తిట్టుకోవాలి, కోపం మాత్రం తెచ్చుకోకూడదు.

"మా గాడిదలకు గడ్డి వేసి వచ్చావా, లేక పని ఎగ్గొట్టి వచ్చావా?" అంది నొపోకో.

"నా బానిసకి తను నేసిన గుడ్డ చూపించాలని వచ్చా. వానాకాలమంతా కుట్టి కుట్టి నా నడుం వంగిపోయింది. లే!"

"రాను."

"రాకపోతే నీ మగ్గం మీద పడుకుంటా. లేవను. పోగులన్నీ తెగుతాయి, నాకేం."

అన్నంత పనీ చేసేలా ఉన్నాడని ఆమె లేచింది. అస్సేతా ముఖం తిప్పుకుని నవ్వింది.

తెల్లవారుజామున ఓ వాన పడి వెలిసింది. ఎర్రమట్టి దారి మెత్తగా ఉంది. బడి గోడ దగ్గరికి చేరేసరికి నొపోకోకి ఆయాసం వచ్చి గోడకు చెయ్యి ఆన్చింది. అది చూసి కాపలావాడు లోపలికి పోయి పసుపురంగు కుర్చీ ఒకటి తెచ్చాడు. "ఒకటో తరగతిదమ్మా, ఇదే దొరికింది," అన్నాడు. ఆమె కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"కప్పలా ఉన్నావు," అన్నాడు పారె.

మధ్యాహ్నపు గంట కొట్టారు. గేటులోంచి పిల్లలు కట్ట తెగినట్టు వచ్చిపడ్డారు. నీలం, తెలుపు సన్నచారలు. అంతమంది ఒంటి మీద ఒక్కసారిగా తన చారల్ని చూసేసరికి నొపోకో కుర్చీ అంచుకు జరిగింది. పిల్లలు ఇప్పుడు విప్పుతారు, ఇప్పుడు సంచిలో కుక్కుతారు అని చూస్తూ కూర్చుంది. ఎవరూ విప్పలేదు. వాళ్ళకు ఒంటి మీద బట్ట ఉందన్న ధ్యాసే లేదు. ఇద్దరు మగపిల్లలు మట్టిలో కలబడ్డారు. ఒకడు చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు. అలసంద గారెలమ్మే ఆమె చుట్టూ గుంపు చేరింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతి గారె కొరికి, నూనె కారుతున్న రెండు చేతుల్నీ గౌను మీద తీరిగ్గా తుడుచుకుంది.

పారె గుండె బాదుకున్నాడు. "మేకల్లారా! కొత్తబట్టే అది! కుట్టినవాడి ఉసురు తగుల్తుంది మీకు!"

"తుడుచుకోనియ్యి," అంది నొపోకో.

ఆ గొంతు విని పారె ఆమె వైపు తిరిగి చూశాడు.

"ఏంటవ్వా అట్లా చూస్తున్నావు? గారె కావాలా?" అంటూ ఆ పిల్ల దగ్గరికొచ్చి ఒకటి చేతిలో పెట్టింది.

"నీ బట్టకి నూనె అంటింది. మీ అమ్మ తిట్టదా?"

"తిడుతుంది. రేపూ ఇదే వేసుకోవాలిగా. ఎల్లుండి కూడా ఇదే." ఎంతో విసుగ్గా చెప్పి ఆ పిల్ల పరుగెత్తింది.

నొపోకో గారె అంతా తింది. లేచేటప్పుడు పారె చెయ్యి పట్టుకుంది. అతనితో ఇన్నేళ్ళ పరిచయంలో అదే మొదటిసారి. దారిలో తనంతట తానే నోరు విప్పి ఆ గుమాస్తా సంగతి, సొరుగు సంగతి మొత్తం చెప్పింది. "అప్పుడు బాగానే నేశాను, పారె. ఇప్పుడు ఇంకా బాగా నేశాను," అంది చివర. అతను ఆమె అడుగుకు తగ్గట్టు నడక తగ్గించాడు.

ఇంటి దగ్గర కూతురు ఎడ్విజ్ జొన్నసంకటి, బెండకాయ పులుసు పెడితే, కడుపు నిండిందని రెండు ముద్దలే తింది. "పిల్లలు మాపేసుకుంటారు. ఇంకో జత కావాలంటారు. రేపు పెందలాడే పోవాలి," అని చెప్పి వేపచెట్టు నీడలో చాప వేయించుకుంది. నీడ జరిగి ఎండ ముఖం మీద పడుతుంటే, చాప జరుపుదామని ఎడ్విజ్ వచ్చింది. తల్లి చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. ముఖం మీద ఎండ పడుతున్నా రెప్ప కదల్లేదు.

మర్నాడు శవం లేచే వేళకు పారె వచ్చి వాకిట్లో అడ్డంగా పడుకున్నాడు. "నా బానిస నాకు చెప్పకుండా ఎక్కడికి పోతోంది? కదలనివ్వను!" వేళాకోళపు వరసైనవాడు చావింట చెయ్యాల్సిందే అది. దారి వదలమని అస్సేతా జొన్నకల్లు కుండ తెచ్చి పక్కన పెట్టింది. చాలదన్నాడు. లేచి కూర్చుని, లేని పోగును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు చికిలించి, ఉమ్మి తడిపి, మెలిపెట్టాడు. ఆమే కూర్చున్నట్టుంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు పకాలున నవ్వారు. అతనూ నవ్వుతూ, నవ్వుతూ టేపు కొసతో కళ్ళు తుడుచుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

పాడె బడి ముందు నుంచే వెళ్ళింది. చారల బట్టల్లో పిల్లలు గేటు కమ్మీలు పట్టుకుని చూశారు. గోడ పక్కన పసుపురంగు కుర్చీ ఇంకా అక్కడే ఉంది, ఒక కాలు మెత్తటి మట్టిలోకి కొంచెం దిగబడి.