బ్రేకు దారాలు

గాలి హోరుమని వీచే రోజైతే ఆ మైదానంలో గాలిపటం ఎగరేయడంలో లిఫ్టు మెకానిక్‌ని మించినవాడు లేడు. అతనిది పిల్లలు ఎగరేసే కాగితపు పటం కాదు. మంచం దుప్పటంత గుడ్డ, రెండు చేతుల్లో రెండు పిడులు, ఒక్కో పిడికి రెండేసి చొప్పున నాలుగు దారాలు. పై దారాలు బరువు లాగుతాయి, కింది దారాలు పటాన్ని ఆపే బ్రేకులు. ఈదురుగాలికి ఆ పటం తనని గడ్డి మీద ఈడ్చుకుపోతుంటే అతను మడమలు నేలకు తన్నిపెట్టి, వెనక్కి వాలి, అరుస్తూ నవ్వేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు. అతని భార్య బ్యాగు పక్కన కూర్చుని మంచినీళ్ల సీసాకి కాపలా కాసేది.

గాలి పల్చబడితే మాత్రం అతనికి చిరాకు. "ఇదేం గాలండీ, ముసలాడి ఊపిరిలాగా!" అని పటం చుట్టేసేవాడు. అలాంటి ఒకనాడే, అతను టీ తాగి వచ్చేలోగా, భార్య సరదాకి పిడులు చేతిలోకి తీసుకుంది.

ఆమెది మందుల షాపులో కౌంటరు పని. రోజంతా మాత్రల అట్టలు చింపకుండా కత్తిరించి ఇచ్చే చేతులు. ఆమె పటాన్ని గుంజలేదు. రెండు చేతులూ నెమ్మదిగా ఒంటికేసి తీసుకుంటూ వెనక్కి నడిచింది. పటం బద్ధకంగా ఒళ్లు విరుచుకుని పైకి లేచింది. వాలిపోబోతే మళ్లీ వెనక్కి నడిచింది. అది కాస్త నిలదొక్కుకున్నాక వెనక్కి నడిచినంత దూరమూ మెల్లగా ముందుకు వచ్చింది. చెట్ల ఆకులు కూడా కదలని ఆ గాలిలో పటం ఆమె నెత్తిమీద బుద్ధిగా నిలబడింది.

ఆ మైదానానికి పెద్దదిక్కు ఒక రిటైరైన బస్సు డ్రైవరు. అందరూ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఆయన నోరు తెరుచుకుని చూసి, "ఏం మెకానిక్! ఇక బ్యాగు దగ్గర నువ్వు కూర్చోవాల్సిందేనయ్యా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మెకానిక్ కూడా నవ్వాడు. ఇంటికి వెళ్లేదాకా ఆ నవ్వు మొహానికి అతికించినట్టే ఉంది.

తర్వాత ఆమె తనకంటూ ఒక నీలం పటం తెచ్చుకుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆమె చుట్టూ చేరి, "అక్కా, చేతులు ఎలా పెట్టాలి?" అని అడిగేవారు. అతన్ని ఎవరూ అడగడం లేదు. పైకి, "మా ఆవిడ చెయ్యి అలాంటిది మరి" అనేవాడు. లోపల ఇంత చిన్న సంగతికి ఇంత కుళ్లు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియలేదు.

ఒక ఆదివారం కెప్టెన్ పందెం పెట్టాడు. తేలిక గాలిలో ఎవరి పటం నేల తాకకుండా ఎక్కువసేపు ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఆమె తన తండ్రిని కూడా రమ్మంది. ఆయన టైలరు. కూతురు ఈ వయసులో పటాలెగరేస్తోందంటే నమ్మక, చూద్దామని బయల్దేరాడు.

"నాన్నని బస్టాపు నుంచి తీసుకొస్తాను. ఈలోగా నా దారాలు వేసి ఉంచుతారా?" అని అడిగి ఆమె వెళ్లింది.

అతను గడ్డి మీద మోకాళ్లూని దారాలు పరిచాడు. పిడి కొసన చిన్న తాడు వేలాడుతుంది. దానిమీద వరసగా ముడులుంటాయి. బ్రేకు దారాన్ని బయటి ముడికి తగిలిస్తే బ్రేకు వదులుగా ఉంటుంది. పిడికి దగ్గరగా ఉండే లోపలి ముడికి తగిలిస్తే పటం ఎప్పుడూ బ్రేకు పట్టినట్టే ఉంటుంది. పెద్ద గాలిలో అయితే అలా కూడా నెట్టుకురావచ్చు. ఆ పూట గాలికి మాత్రం పటం లేవదు.

అతను లోపలి ముడికి తగిలించాడు. రెండు వైపులా. ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తాడు. ఎవరూ చూడటం లేదు. ఎవరైనా చూసుంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

టైలరుగారు వస్తూనే నీలం గుడ్డని వేళ్లతో తడిమి, "కుట్టు బాగుందే! ఎవడో పనిమంతుడు" అన్నాడు. కూతురు పొంగిపోయి పిడులు అందుకుంది.

పటం తల ఎత్తింది. ఆమె నడుమంత ఎత్తు లేచి, వెనక్కి కూలబడింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ కూలబడింది. పక్కన మిగతావాళ్ల పటాలు తేలుతున్నాయి. ఆమె వెనక్కి నడిచి నడిచి గోడదాకా వెళ్లిపోయింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"దారాలు ఒకసారి చూసుకోమ్మా" అన్నాడు కెప్టెన్.

"అక్కర్లేదండీ, మా ఆయనే వేశారు. ఆయన వేస్తే ఇక చూసుకునేదేముంది?"

మెకానిక్‌కి భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. చీలలేదు.

చివరికి ఆమె పిడులు కింద పెట్టేసింది. తండ్రి భుజం తట్టి, "పోనీలే తల్లీ! నలుగురూ ఏదో మెచ్చుకున్నారని మనకి వచ్చేసిందనుకుంటే ఎలా? మన పని మనం చూసుకోవాలి" అన్నాడు. ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఇంటికి వస్తూ భర్తని అడిగింది. "నా చేతుల్లో ఏం తప్పుందండీ? మీరు చూశారుగా, చెప్పండి."

"గాలి చాల్లేదు" అన్నాడు అతను.

అప్పటికే, పటం మడతపెట్టే వంకతో, దారాలు మళ్లీ బయటి ముడికి మార్చేశాడు. చేసిన తప్పుకంటే ఆ దిద్దుబాటే అతనికి ఎక్కువ రోత పుట్టించింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె పటం జోలికి పోలేదు. బ్యాగు పక్కన కూర్చుంది. "ఆ నీలందాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామండీ. నాకేదో అదృష్టం కొద్దీ కొన్నాళ్లు ఎగిరింది, అంతే" అంది. ఆమె గొంతులో కోపం లేదు, నమ్మకం ఉంది. తనకి చేతకాదని నిజంగానే నమ్మేసింది.

"ఒక్కసారి పట్టుకో. నా మాట విను" అని బతిమాలాడు. దారాలు అతనే పరిచాడు, ఈసారి సరిగ్గా. ఆమె అయిష్టంగా లేచింది. వెనక్కి ఒక అడుగు వేసిందో లేదో, నీలం పటం తేలిగ్గా లేచి, ఆకాశంలో ఒక సున్నా చుట్టింది.

ఆమె మొహం వెలిగిపోయింది. "చూశారా! మీరు పక్కనుంటే ధైర్యం వచ్చిందండీ."

ఇక అతనివల్ల కాలేదు.

"ఆ రోజు లేవకుండా చేసింది నేనే" అన్నాడు. "బ్రేకు దారాలు లోపలి ముడికి వేశాను. కావాలనే. తర్వాత మళ్లీ మార్చేశాను."

ఆమె అతనివైపు తిరగలేదు. ఆ గాలిలో చూపు తిప్పితే పటం పడిపోతుంది. చేతులు అలాగే నెమ్మదిగా లాక్కుంటూ, వెనక్కి నడుస్తూ, అతన్ని దాటి వెళ్లిపోయింది. అతను అక్కడే నిలబడ్డాడు. తిట్టినా, పిడులు విసిరికొట్టినా బాగుండేది. ఆమె గాలి ఉన్నంతసేపూ ఎగరేసి, పటాన్ని మెత్తగా దించి, అప్పుడు వచ్చింది.

"నాకు చెప్పారు, సరే. మా నాన్నకి ఎవరు చెబుతారు?"

"నేను..."

"మీరే చెప్పాలి."

మర్నాడు పని ముగించుకుని, గ్రీజు చేతులు కడుక్కుని, అతను మామగారి కొట్టుకి వెళ్లాడు. ఇరుకు గది, ఒక మిషను, హ్యాంగర్లకి సగం కుట్టిన చొక్కాలు. టైలరుగారు అల్లుణ్ణి చూసి గబగబా స్టూలు మీది గుడ్డలు తీసి, "కూర్చోండి బాబూ" అన్నాడు. ఆ మర్యాదకి అతను కూర్చోలేకపోయాడు. నిలబడే చెప్పాడు.

మిషను ఆగింది.

"ఎందుకు చేశారు?"

"అందరూ తననే మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేకపోయాను, మామయ్యా."

ముసలాయన సూది కింద ఉన్న గుడ్డ లాగి పక్కన పెట్టాడు. "మీరు చేసింది ఒకెత్తు. నేను నలుగురిలో దాన్ని చిన్నబుచ్చాను. నా నోటితో నా కూతుర్ని అనిపించారు బాబూ మీరు."

అతను తల వంచుకున్నాడు. క్షమించమని అడిగే మొహం అతనికి లేదు.

"వచ్చే ఆదివారం నేను దానితో వెళ్తాను" అన్నాడు టైలరుగారు. "మీరు రావద్దు."

అతను వెళ్లలేదు. ఆ పూట ఇల్లంతా ఊడ్చాడు, బట్టలు ఉతికి ఆరేశాడు. తీగ మీద చీర కొంగు కదిలీ కదలనట్టు ఊగుతుంటే దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఆమె చేతికి సరిపడే గాలి. మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు వీధి మలుపులోంచే నవ్వుకుంటూ వచ్చారు. గుమ్మంలో అతన్ని చూడగానే మాటలు ఆపేశారు.

"ఎగిరిందా?" అని అడిగాడు.

"ఎగిరింది" అంది.

అతను ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. మామగారు గ్లాసు అందుకున్నాడు గాని తల ఎత్తలేదు.

ఆమె అతనితో మామూలుగా మాట్లాడటానికి నెల్లాళ్లు పట్టింది. ఒక శనివారం సాయంత్రం బట్టలు మడతపెడుతూ, అతని మొహం చూడకుండానే, "రేపు వస్తే రండి" అంది. "నా దారాలు మాత్రం ముట్టుకోకండి."

"సరే" అన్నాడు అతను. అంతకంటే ఏదైనా అడిగే హక్కు తనకి లేదని తెలుసు.