కోడులో ఎర్మెలిండా

దేశంలో సగం ఆసుపత్రులు వాడే డేటాబేస్‌లో ఆ లోపాన్ని కనిపెట్టింది నేనే. లాగిన్ పేరు కోసం అది అరవై నాలుగు అక్షరాల చోటు ఉంచుకుంటుంది. వచ్చిన పేరు ఎంత పొడవుందో మాత్రం చూసుకోదు. మూడొందల అక్షరాలు పంపితే, పావుసేరు గిన్నెలో సేరు పాలు పోసినట్టు పొర్లి పక్క చోటులోకి పడతాయి. ఆ పొర్లినదాంట్లో మన ఆదేశాలు దాచిపెడితే, ఇక ఆ యంత్రం మన మాటే వింటుంది.

మా రొసారియో నగరంలో ఇలా లోపాలు వెతికేవాళ్లకు ఒక కట్టుబాటుంది. ముందు కంపెనీకి చెప్పాలి. ఆపైన తొంభై రోజులు నోరు మెదపకూడదు. లోపాన్ని రుజువు చేసే కోడును కంపెనీకి పంపేముందు ఒక్క నమ్మకస్తుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. నాకు ఆ నమ్మకస్తుడు ఓస్వాల్డో, ఈ విద్య నేర్పిన గురువు. గురువంటే దేవుడనుకునే రకాన్ని నేను. నా తెలివి అలా ఏడ్చింది.

నలభయ్యో రోజున ఎవరో ఆ దారినే చొరబడి పదకొండు ఆసుపత్రుల రికార్డులకు తాళం వేశారు. ఆపరేషన్లు ఆగిపోయాయి. దాడికి వాడిన కోడును కంపెనీవాళ్లు నాకు పంపి, "ఇది మీదేనా?" అని అడిగారు. తెరిచి చూశాను.

ఆ అరవై నాలుగు అక్షరాల చోటు నింపడానికి అందరూ ఒకే అక్షరం వరసగా వాడతారు. నేను సరదాకి మా అమ్మమ్మ పేరు వాడతాను: ఎర్మెలిండా, ఎర్మెలిండా, ఎర్మెలిండా. కంపెనీకి పంపినప్పుడు ఆ పేరు తీసేశాను. దాడి కోడులో మాత్రం అది అలాగే ఉంది. ఆ పేరున్న కాపీ నేనిచ్చింది ఒక్క ఓస్వాల్డోకే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అమ్మమ్మ పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి ఓస్వాల్డో పెరట్లో నిప్పుల మీద మాంసం కాలుస్తున్నాడు.

"రావే ఇతాతీ! వాసన పట్టేశావా?"

"ఎవరికమ్మావ్?"

అతని చేతిలో పట్టకారు ఆగింది. "అరవకే, పక్కింటోళ్లు వింటారు. కొన్నవాడు పోలీసుల కోసమన్నాడు. ఆసుపత్రుల మీద పడతాడని నేను కలగన్నానా?"

"మా అమ్మమ్మ పేరు నీ కంటికి ఆన్లేదా?"

"ఆనకేం, చూశా."

"చూసి కూడా తీసెయ్యలేదా?"

అతను ముక్కను రెండోవైపు తిప్పాడు. "నాకిద్దరు పిల్లలున్నారే. రేపెవరైనా కూపీ లాగితే ఆ పేరు నీ వైపు చూపిస్తుంది, నా వైపు కాదు... నువ్వు ఒంటిదానివి. తట్టుకుంటావనుకున్నా."

అమ్మడం ఆశ అనుకుని ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. ఆ పేరును మాత్రం చూసి, ఆలోచించి, ఉంచాడు. అతని ముందే ఏడ్చాను.

"కూర్చోవే, తిని వెళ్దువు," అన్నాడు.

అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేశాను. "అవును, ఆ కోడు నాదే," అన్నాను. "ఎవరికిచ్చానో చెబుతాను, రాసుకోండి."