ఫ్రెండ్ అనే పదానికి సాక్షి

నిఘంటువు ఆఫీసులో పదాలు పంచిన రోజున బోల్టుకి కడుపు మండిపోయింది. ఫ్రెండ్ అనే పదం వసపిట్టకి వెళ్ళింది. బోల్టుకి ఎప్పటిలాగే ఇనుప సామాను దక్కింది: రివెట్టు, వాషరు, గాస్కెట్టు. ఏళ్ళ తరబడి ఇవే రాసీ రాసీ అతనికి బోల్టు అనే పేరు ఖాయమైపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప అక్కడెవరికీ గుర్తులేదు.

ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసే చోట ఇంతగా కుళ్ళుకోవడానికి ఏముందని మీరు అడగొచ్చు. చాలా ఉంది. గాస్కెట్టుకి ఎంత గొప్ప అర్థం రాసినా చదివే నాథుడు లేడు. ఫ్రెండ్, హౌస్, మదర్ లాంటి పదాలైతే పుస్తకం కొన్నవాడు ముందు వాటినే తిరగేస్తాడు. "భలే రాశారే, ఎవరిది?" అంటాడు. అలాంటి పదాలన్నీ వసపిట్టకే. మనిషి నోరు మూతపడదు, అందుకే ఆ పేరు. బస్సులో, మంగలి షాపులో, మందుల కొట్టు దగ్గర, ఎక్కడ నిలబడితే అక్కడ కబుర్లు మొదలుపెడతాడు. ఆ కబుర్లే మర్నాటికి ఉదాహరణలై కూర్చుంటాయి.

ఆ ఆఫీసులో ఒక వింత నియమం ఉంది. పాత ముద్రణలో ఎవరో మహానుభావుడు "అతడు తన మిత్రునితో ఉద్యానవనమునకేగెను" అని రాసిపెడితే జనం పడీ పడీ నవ్వారు. అప్పటినుంచి ప్రధాన సంపాదకుడు, అందరూ పెద్దాయన అనే ఆయన, మొండిపట్టు పట్టాడు. ఏ ఉదాహరణైనా ఒక మనిషి నిజంగా అన్నదై ఉండాలి. విన్న సాక్షి ఎవరో చెప్పాలి. అల్లి రాశాడని తేలితే ఆ పదం లాక్కుని ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

"ఏరా, ఫ్రెండ్ గురించి నీ చెవినపడ్డవేమైనా ఉంటే చెప్పు," అన్నాడు వసపిట్ట, పక్క బల్ల నుంచి కుర్చీ ఇటు జరుపుకుంటూ. "స్నేహితుడు, మిత్రుడు, నేస్తం, దోస్తు, సావాసగాడు... అర్థాలకేం, బోలెడున్నాయి. వాడకమే చిక్కు. పేరు కూడా సరిగ్గా తెలియనివాణ్ణి మా ఫ్రెండే అంటారు. ప్రాణం పెట్టేవాడి గురించి అడిగితే, వాడా, మావాడే అని ఊరుకుంటారు."

"నాకు రివెట్లున్నాయి," అన్నాడు బోల్టు ముక్తసరిగా.

ఇంటికెళ్ళి భార్య ముందు అక్కసంతా వెళ్ళగక్కాడు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ అంతా వింది. "అయినా ఆ పదం మీకిస్తే మాత్రం ఏం రాస్తారండీ? మీరు ఎవరితోనైనా నోరువిప్పి మాట్లాడితే కదా!" అంది. వేళాకోళానికే అంది. బోల్టుకి మాత్రం ఆ పూట భోజనం సయించలేదు. తన ఇంట్లో కూడా వాడిదే పైచేయి అయిపోయిందని అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన గది తలుపు తట్టాడు.

"చెప్పకూడదు గానీ సార్, ఆ వసపిట్టగాడి ఉదాహరణలు సగం సొంత అల్లికలే. సాక్షుల్ని కూడా వాడే పుట్టిస్తున్నాడు."

రుజువంటూ ఏమీ లేదు. అసూయకి రుజువుతో పనేముంది? పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "సరే, రేపు అందరం కూర్చున్నప్పుడు చూద్దాం," అన్నాడు. బయటికొచ్చి కుర్చీలో కూలబడితే వసపిట్ట తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. సిగ్గులేకుండా బోల్టు తాగాడు కూడా.

మర్నాడు పొడుగు బల్ల చుట్టూ అందరూ చేరారు. వసపిట్ట లేచి చదవడం మొదలుపెట్టాడు.

"'జుట్టు ఊడకుండా ఏదైనా మందివ్వండి, నాక్కాదు, మా ఫ్రెండ్‌కి.' అన్నది నున్నటి బట్టతలాయన. సాక్షి, మందుల కొట్టు యజమాని."

బల్లంతా గొల్లుమంది.

"'ఫ్రెండ్ పెళ్ళని నిరుడు కూడా సెలవు తీసుకున్నావు, ఆయనకి ఎన్ని పెళ్ళిళ్ళయ్యా?' అన్నది మన గుమాస్తాగారే. సాక్షి నేనే. సెలవడిగిందీ నేనే."

గుమాస్తా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. వాళ్ళు నవ్విన ప్రతిసారీ బోల్టుకి కళ్ళలో కారం కొట్టినట్టే ఉంది. ఒక్కటైనా అబద్ధమని తేలదేం అని ఎదురుచూస్తున్నాడు.

"ఇక ఆఖరిది సార్. 'ఆఫీసులో అందరూ తెలిసినవాళ్ళేనమ్మా, ఫ్రెండ్ అంటే మాత్రం ఈ అంకులొక్కడే.' అన్నది నేను, మా పాపతో."

"సాక్షి?" అన్నాడు పెద్దాయన.

"వీడే," అని వసపిట్ట బోల్టు భుజం మీద చెయ్యేశాడు. "వీడు జ్వరంతో పడుంటే చూడ్డానికి పాపని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎవరు నాన్నా ఈ అంకుల్ అని అడిగింది."

బోల్టు విన్న మాటే అది. ఆ రోజు ఏమనాలో తెలియక, గోడవైపు తిరిగి నిద్రపోతున్నట్టు నటించాడు. ఇప్పుడు వినలేదని ఒక్కమాట అంటే చాలు. జ్వరంలో ఉన్నవాణ్ణి ఎవరు తప్పుపడతారు? పదం తన బల్ల మీదికి వచ్చేస్తుంది.

"ఏమయ్యా, అన్నాడా?" అన్నాడు పెద్దాయన.

భుజం మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"అన్నాడు సార్."

"బాగా గుర్తుందా?"

"ఉంది సార్."

"మరి నిన్న నా గదికొచ్చి, వీడు సాక్షుల్ని పుట్టిస్తున్నాడని ఎందుకన్నావు?"

వసపిట్ట మెల్లగా చెయ్యి తీసేశాడు. ఆ మనిషి నోరు మూతపడగా అక్కడివాళ్ళు చూడ్డం అదే మొదలు. తర్వాత కాగితాలన్నీ సర్ది, బోల్టు ముందుకి జరిపాడు.

"ఆ పదం కావాలని నన్నొక్కమాట అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా," అన్నాడు.

తర్వాత పెద్దాయన వైపు తిరిగాడు.

"ఆ ఆఖరి వాక్యం మాత్రం కొట్టేయండి సార్. నిన్నటిదాకా నిజమే."